గుండెల్లో మంట వున్నవారికి బరువు తగ్గే ఆపరేషన్: ఏది మేలు?

వరంగల్: ఎనుమాముల మార్కెట్ యార్డు సమీపంలో నివసించే ఒక లారీ యజమాని ఇంట్లో మంచానికి తలవైపు రెండు కోళ్ల కింద ఇటుకలు పెట్టి వున్నాయి. మంచం ఏటవాలుగా వుంటుంది. ఇల్లు చూడవచ్చిన చుట్టాలు అదేదో వాస్తు అనుకుంటారు. వాస్తు కాదు. చదునుగా పడుకుంటే అర్ధరాత్రి పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. లేచి గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చోవలసిందే.

ఈయన ఐదేళ్ల కిందట 118 కిలోలు వుండేవారు. నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నారు. ఏడాదిలో 36 కిలోలు తగ్గారు. షుగరు గోలీలు మానేశారు. బజారులో కనిపించిన ప్రతివారూ "ఎట్ల తగ్గినవే" అని అడిగి ఆసుపత్రి చిరునామా రాసుకుని పోతుంటారు. చిరునామా ఇస్తారు గానీ ఇటుకల సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పరు.

"ఆపరేషనుకు ముందు గూడ నాకు మంట వుండె. గ్యాస్ గోలీ జేబుల పెట్టుకొనే తిరిగేటోన్ని. వాళ్లు అడుగలే, నేను చెప్పలే" అని ఆయన ఈ విలేకరితో అన్నారు.

అడగకపోవడం, చెప్పకపోవడం అన్న ఈ రెండింటి మధ్యనే అసలు విషయం వుంది. బరువు తగ్గే ఆపరేషన్ అంటే ఒకటే రకం అని మన పల్లెల్లో చాలామంది అనుకుంటున్నారు. ప్రధానంగా రెండు రకాలున్నాయి. పుల్ల తేన్పులు, గుండెల్లో మంట వున్నవారికి అందులో ఒకటి మంటను తగ్గిస్తుంది, రెండవది చాలామందిలో పెంచుతుంది. కత్తి పడిన తరువాత తెలుసుకుంటే ప్రయోజనం తక్కువ.

పల్లెల్లోనూ పెరిగిన బరువు

ఊబకాయం పట్నవాసపు జబ్బు అన్న మాట పాతబడిపోయింది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది వుండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. వరి కోతకు మిషన్ వచ్చింది. బాయికాడికి నడిచిపోయి మోటారు వేసే పని కూడా సెల్‌ఫోనుతోనే అయిపోతున్నది. అన్నం మాత్రం నాగలి దున్నిన నాటి కొలతనే తింటున్నాము. ఈ విలేకరి కూడా అందుకు మినహాయింపు కాదు.

బరువుతో పాటే గుండెల్లో మంట వస్తుంది. పొట్ట లోపలి కొవ్వు జీర్ణాశయాన్ని కింది నుంచి పైకి నొక్కుతుంది. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట ఒక కండరపు బిగింపు వుంటుంది. సంచి మూతికి కట్టిన తాడులాగా అది ముద్ద దిగేటప్పుడు వదులవుతుంది, దిగాక బిగుసుకుంటుంది. కింది నుంచి ఒత్తిడి పెరిగితే ఆ తాడు సడలుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. జీర్ణాశయానికి ఆమ్లాన్ని తట్టుకునే పొర వున్నది, అన్నవాహికకు అది లేదు. అందుకే మంట, పుండ్లు. కొందరిలో ఛాతీకి, పొట్టకు నడుమ తెరలాగా వుండే డయాఫ్రం కండరంలోని రంధ్రం వెడల్పయి జీర్ణాశయపు పైభాగం ఛాతీలోకి జారుతుంది. దీనిని హయాటస్ హెర్నియా అంటారు. అప్పుడు మూతి బిగువు మరింత పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన వూళ్లలో ఛాతీలో ఏది వచ్చినా "గ్యాస్" అనేస్తారు. సోడా తాగించి పడుకోబెడతారు. నడిస్తే పెరిగి, నిలబడితే తగ్గే నొప్పి, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఆయాసం వుంటే అది గుండె జబ్బు కావచ్చు. షుగరు వున్నవారికి నొప్పి సరిగా తెలియకనే గుండెపోటు వస్తుంది. గ్యాస్ గోలీ కోసం వెతకకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఎవరికి ఆపరేషన్ అవసరం?

దీనికి ఒక లెక్క వుంది. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో వున్న ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చిన దానిని మళ్లీ అదే ఎత్తుతో భాగించాలి. దీనినే బీఎంఐ అంటున్నారు. వర్ధన్నపేట మండలంలోని ఒక గ్రామంలో కిరాణా దుకాణం నడిపే 43 ఏళ్ల ఇల్లాలి సంగతే చూద్దాం. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, అంటే మీటరు 55 సెంటీమీటర్లు. అప్పటి బరువు 94 కిలోలు. 94ను 1.55తో భాగిస్తే 60.6. దానిని మళ్లీ 1.55తో భాగిస్తే 39.

1991లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పెట్టిన నిబంధన ప్రకారం ఈ అంకె 40 దాటితేనో, 35 దాటి షుగరు, బీపీ వంటి జబ్బు వుంటేనో ఆపరేషన్ చేయాలి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యుల సంఘాలు దీనిని సవరించాయి. 35 దాటితే వేరే జబ్బు లేకున్నా చేయవచ్చునన్నాయి. ఆసియా వారికి తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బులు వస్తాయి గనుక మన వంటివారికి ఆ గీతను మరింత కిందికి, 27.5 వరకు దించవచ్చునని సూచించాయి. అయితే గీత దాటిన వారందరూ బల్ల ఎక్కాలని దీని అర్థం కాదు. పెళ్లిచూపుల కోసం, ఫొటోల కోసం చేసే ఆపరేషన్ ఇది కాదు.

ఈ ఇల్లాలికి ఎనిమిదేళ్లుగా షుగరు. మోకాళ్ల నొప్పులకు వూళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి గోలీ దాదాపు రోజూ వేసుకునేవారు. రాత్రి భోజనం తరువాత పుల్ల తేన్పులు, గొంతు బొంగురు. హన్మకొండలో ఆమెను చూసిన మొదటి చోట "చిన్న ఆపరేషనమ్మా, మూడు రోజుల్లో ఇంటికి పోతవు" అని రేటు కూడా చెప్పి తేదీ రాశారట. గొట్టం పరీక్ష మాటే ఎత్తలేదట. ఆమె తమ్ముడు మందుల దుకాణంలో పని చేస్తాడు. అక్క వాడే గ్యాస్ గోలీల లెక్క వాడికి తెలుసు. "అక్కా, ఇంకో డాక్టరు సాబుకు చూపిద్దాం" అని పట్టుబట్టి హైదరాబాద్ తీసుకుపోయాడు. తమ్ముడంటే అట్లా వుండాలి.

స్లీవ్ అంటే ఏమిటి?

మొదటి రకాన్ని స్లీవ్ అంటారు. చొక్కా చేతిలాగా జీర్ణాశయాన్ని సన్నని గొట్టంగా మార్చడం వల్ల ఆ పేరు వచ్చింది. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా నిలువుగా కోసి బయటికి తీసివేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది గనుక ఆకలి తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. ఆపరేషన్ సమయం తక్కువ, నేర్చుకోవడం సులభం. అందుకే ఈనాడు ప్రపంచంలో అన్నింటికంటే ఎక్కువగా జరుగుతున్నది ఇదే. మొదట ఇది వేరే పెద్ద ఆపరేషన్‌కు తొలి మెట్టుగా వుండేది. మరీ బరువున్నవారికి ముందు ఇది చేసి, తగ్గాక రెండవది చేద్దామనుకునేవారు. చాలామంది మొదటి మెట్టుతోనే తగ్గిపోవడంతో 2000 సంవత్సరం తరువాత అదే సొంతంగా ఒక ఆపరేషన్ అయింది.

మరి మంటతో చిక్కు ఎక్కడ? వెడల్పు సంచి సన్నని గొట్టం అయ్యేసరికి లోపల ఒత్తిడి పెరుగుతుంది. సాగే గుణమున్న పైభాగాన్ని తీసివేయడంతో ఆ ఒత్తిడిని తట్టుకునే చోటు పోతుంది. మూతి దగ్గర సహజంగా వుండే మలుపు, అక్కడి కండరపు పోగులు కూడా కోతలో దెబ్బతినవచ్చు. ఇన్ని కలిసి ఆమ్లం కిందికి పోవడం కంటే పైకి రావడమే తేలికవుతుంది. బరువు తగ్గడం వల్ల కొందరికి మంట తగ్గిన మాట కూడా నిజమే. కానీ ఎవరికి తగ్గుతుంది, ఎవరికి పెరుగుతుంది అన్నది ముందే కచ్చితంగా చెప్పడం కష్టం.

ఇంకొక చిక్కు వుంది. దీనిని ఎవరూ రోగులకు విడమరచి చెప్పరు. మందులకు లొంగని మంటకు మామూలుగా ఒక ఆపరేషన్ వుంది. జీర్ణాశయపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ తలపాగాలాగా చుట్టి మూతిని బిగిస్తారు. జర్మనీలో పుట్టిన రుడాల్ఫ్ నిస్సెన్ అనే వైద్యుడు దీనికి ఆద్యుడు. స్లీవ్ చేయించుకున్నవారికి ఆ పైభాగమే వుండదు. చుట్టడానికి గుడ్డే లేకపోతే తలపాగా ఎట్లా కడతారు? అందుకే స్లీవ్ తరువాత మంట భరించరానిదయితే మిగిలే దారి ప్రధానంగా రెండవ రకం ఆపరేషన్ మాత్రమే.

బైపాస్ తీరు వేరు

ఆ రెండవ రకం గ్యాస్ట్రిక్ బైపాస్. గుండె బైపాస్‌కు దీనికి సంబంధం లేదు. 1960లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే వైద్యుడు దీనికి నాంది పలికాడు. ఇప్పుడు చేసే పద్ధతిలో జీర్ణాశయపు పైకొసన చిన్న కోడిగుడ్డంత సంచిని వేరు చేస్తారు. చిన్నపేగును ఒకచోట కోసి కింది కొసను తెచ్చి ఈ సంచికి కలుపుతారు. మిగిలిన పెద్ద జీర్ణాశయాన్ని తీసివేయరు. అది లోపలే వుంటుంది, అన్నం మాత్రం దానిలోకి పోదు. దాని రసాలు, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం వేరే దారిన వచ్చి కింద మీటరు, మీటరున్నర దూరంలో అన్నంతో కలుస్తాయి. మన కాలువల లెక్కలో చెప్పాలంటే పెద్ద చెరువు తూమును మళ్లించి, నీళ్లు కింది మడిలో కలిసేలా చేయడం. ఆమ్లం తయారయ్యే చెరువు పక్కకు పోయింది. పై సంచిలో ఊరే ఆమ్లం బహు స్వల్పం. పైత్యరసం ఎదురెక్కి రావడానికి దూరం ఎక్కువ. కాబట్టి మంట తగ్గుతుంది.

ఇది నోటిమాట కాదు. స్విట్జర్లాండ్‌లో 217 మందిని చీట్లు తీసిన పద్ధతిలో రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు స్లీవ్, మరొక జట్టుకు బైపాస్ చేశారు. ఐదేళ్ల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ముందునుంచీ మంట వున్నవారిలో బైపాస్ తరువాత నూటికి 60 మందికి అది పూర్తిగా పోయింది. స్లీవ్ జట్టులో పోయింది 25 మందికే. మంట ముదిరినవారు స్లీవ్‌లో నూటికి 32 మంది కాగా బైపాస్‌లో ఆరుగురు. ఫిన్లండ్‌లో 240 మందిపై జరిగిన మరొక పరిశీలనలో పదేళ్ల తరువాత గొట్టం వేసి చూశారు. 2022లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం అన్నవాహికలో పుండ్లు స్లీవ్ వారిలో నూటికి 31 మందికి, బైపాస్ వారిలో ఏడుగురికి కనిపించాయి. బరువు తగ్గడంలో రెండింటి మధ్య తేడా అంత పెద్దది కాదు. బైపాస్ కొంచెం పైచేయి, అంతే.

అదే పరిశీలనలో మరో సంగతి కూడా వుంది. ఏళ్ల తరబడి ఆమ్లం తగిలి అన్నవాహిక పొర మారిపోవడాన్ని బారెట్ అంటారు. అతి కొద్దిమందిలో అది క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ఈ మార్పు రెండు జట్లలోనూ సమానంగా నూటికి నలుగురిలో వుంది. కాబట్టి స్లీవ్ చేయించుకున్నవారందరికీ క్యాన్సర్ వస్తుందని బెదిరించడం తప్పు. అయితే మంట వున్నా లేకున్నా స్లీవ్ అయిన ఏడాదికి ఒకసారి, ఆపైన రెండు మూడేళ్లకు ఒకసారి గొట్టం పరీక్ష చేయించుకోవాలన్నది అంతర్జాతీయ సంఘం సలహా. మన జిల్లాలో చేయించుకున్నవారు ఎంతమంది మళ్లీ పరీక్షకు పోతున్నారో వారినే అడగాలి. లారీ యజమాని ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా పోలేదు.

గొట్టం పరీక్ష ముందు, తేదీ తరువాత

వర్ధన్నపేట ఇల్లాలికి హైదరాబాద్‌లో మొదట చేసిన పని ఎండోస్కోపీ. పరగడుపున పోవాలి. గొంతుకు మొద్దుబారే మందు కొట్టి వేలెడంత సన్నని గొట్టాన్ని నోటి గుండా లోపలికి పంపి చూస్తారు. పది నిమిషాల పని. "ఓకారం వచ్చినట్టయింది గని, పురుటినొప్పుల ముందు అదెంత" అని ఆమె నవ్వారు. పుండ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా రాస్తారు. ఆమెది సీ తరగతి. హయాటస్ హెర్నియా కూడా బయటపడింది. జీర్ణాశయంలో పుండ్లు పుట్టించే హెచ్ పైలోరి క్రిమి వున్నదేమో చూసి, వుంటే ముందు మందులతో పోగొట్టాలి.

ఏ తరగతి పుండ్లు, ఎప్పుడో ఒకసారి మంట వుంటే స్లీవ్‌ను పూర్తిగా కాదనరు. హెర్నియా వుంటే అదే బల్ల మీద కుట్టి సరిచేస్తారు. సందేహమైతే ముక్కులోంచి సన్నని తీగ పంపి 24 గంటల పాటు ఆమ్లం ఎన్నిసార్లు పైకి వచ్చిందో కొలుస్తారు. అన్నవాహిక కండరం బలాన్ని కొలిచే పరీక్ష వేరే వున్నది. సీ, డీ తరగతుల పుండ్లు గానీ, బారెట్ మార్పు గానీ వుంటే మాత్రం ఎక్కువమంది శస్త్రవైద్యులు స్లీవ్ వద్దు, బైపాస్ మేలంటారు. ఆమెకూ అదే చెప్పారు. షుగరు తగ్గడానికి కూడా బైపాసే ఎక్కువ పనికి వస్తుంది.

మంట వున్నదని చెప్తే ఖర్చు పెరుగుతుందనో, ఆపరేషన్ చేయరనో కొందరు దాచిపెడతారు. గ్యాస్ గోలీ వేసుకుని పోతే మంట తెలియదు. పరీక్షలో పుండు మానినట్టు కూడా కనిపించవచ్చు. ఏ గోలీ, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని అన్నది ఖాళీ అట్టముక్కలతో సహా చూపించాలి.

బైపాస్‌కు చెల్లించవలసిన మూల్యం

ఇంత మేలు చేసే బైపాస్‌ను అందరికీ ఎందుకు చేయరు? చదువరులకు ఈ ప్రశ్న వచ్చే వుంటుంది. జవాబు పొడుగైనదే.

అన్నం పేగు మొదటి భాగాన్ని తప్పించుకుని పోతుంది. ఇనుము, కాల్షియం ఒంటికి పట్టేది ప్రధానంగా అక్కడే. బీ12 విటమిన్ ఒంటబట్టడానికి జీర్ణాశయపు రసం కావాలి. అందుచేత ఐరన్, కాల్షియం, మల్టీవిటమిన్ గోలీలు, బీ12 గోలీ లేదా సూది బతికినంత కాలం వాడాలి. స్లీవ్ వారికి కూడా గోలీలు తప్పవు, బైపాస్ వారికి మరీ తప్పవు. రక్తహీనత మన ఆడవాళ్లకు ఎట్లాగూ వున్నదే. బియ్యం బస్తా తెచ్చినట్టు నెలనెలా గోలీలు తెచ్చుకోగలమా అని ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. వర్ధన్నపేట ఇల్లాలు నాలుగో నెలలో రెండు వారాలు గోలీలు మానేశారు. పత్తి ఏరే రోజులు, వరంగల్ పోవడానికి తీరలేదు. అదే రోజుల్లో వెంట్రుకలు గుప్పెళ్లుగా వూడడం మొదలైంది. ఇంత వేగంగా బరువు తగ్గితే జుట్టు రాలడం మామూలేనని, మళ్లీ వస్తుందని వైద్యులు చెప్పారు. కానీ రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9కి పడిపోయి వుంది. అప్పటి నుంచి తమ్ముడే గోలీలు తెచ్చి ఇచ్చి వెళుతున్నాడు.

రెండవది, నొప్పి గోలీలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి బైపాస్ వారికి విషంతో సమానం. పేగును సంచికి కలిపిన కుట్టు దగ్గర పుండు పడి రక్తం కారవచ్చు, రంధ్రం కూడా పడవచ్చు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి నడుము నొప్పి అనగానే పడే సూది కూడా ఎక్కువగా ఆ జాతిదే. పొట్ట ఆపరేషన్ అయినట్టు ముందే చెప్పి పారాసిటమాల్ అడగాలి. కీళ్లవాతంతో ఆ మందులు లేకుండా బతకలేనివారికి బైపాస్ బదులు వేరే దారి ఆలోచిస్తారు. ఈ ఇల్లాలికి బరువు తగ్గాక మోకాళ్ల మీద భారం తగ్గి గోలీ అవసరమే పోయింది. అందరికీ అట్లా కుదరాలని లేదు.

మూడవది, బీడీ, సిగరెట్, అంబర్. కుట్టు దగ్గర పుండుకు పొగాకు పెద్ద కారణం. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మానాలి, తరువాత ముట్టకూడదు. కల్లు, సారా సంగతి మరొక తీరు. బైపాస్ తరువాత మత్తు పదార్థం నేరుగా పేగులోకి దిగి వెంటనే రక్తంలో కలుస్తుంది. ఇదివరకు ఒక సీసాకు ఎక్కనిది సగానికే ఎక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పు కూడా వుంది. తాటివనంలో స్నేహితుల మాట కాదనలేనివారు ఈ సంగతి డాక్టరుకు దాచకూడదు.

తీపి కూడా శత్రువే. చక్కెర ఒక్కసారిగా పేగులో పడితే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనం. వర్ధన్నపేట ఇల్లాలు మేనకోడలి పెండ్లిలో రెండు జిలేబీలు తిని పందిట్లోనే చాప మీద పడుకున్నారు. ఎవరో దిష్టి తగిలిందన్నారట.

ఇవికాక పేగులు లోపల మెలిపడి అడ్డుపడే ప్రమాదం ఏళ్ల తరువాత కూడా వుంటుంది. పొట్టలో తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అని ఇంట్లో కూర్చోకుండా ఆపరేషన్ కాగితాలతో ఆసుపత్రికి పోవాలి. పక్కకు పెట్టిన పాత జీర్ణాశయంలోకి మామూలు గొట్టం పోదు గనుక తరువాత దానిని చూడడం కష్టం. గతంలో పొట్టపై చాలా ఆపరేషన్లు అయినవారికి పేగులు అతుక్కుని వుండవచ్చు. గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడవాళ్లు మన దగ్గర ఎక్కువ, ఆ సంగతి కూడా చెప్పాలి. వయసులో వున్న స్త్రీలు ఏ రకం ఆపరేషన్ అయినా ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

ప్రాణభయం మాటకు వస్తే, ఇటువంటివి రోజూ చేసే కేంద్రాలలో రెండు రకాల్లోనూ వెయ్యికి ఒకరి కంటే ఎక్కువ మరణాలు వుండవు. ఎప్పుడో ఒకటి చేసే చోట ఆ లెక్క వర్తించదు.

ఇతర పేర్లు, ఇతర దారులు

మినీ బైపాస్ అని మరొక రకం 1997లో అమెరికాలో మొదలై మన దేశంలోనూ విస్తారంగా జరుగుతున్నది. ఒకే అతుకు వుంటుంది, సమయం కలిసివస్తుంది. కానీ పైత్యరసం సంచి పక్కనుంచే పోతుంది గనుక కొందరిలో పుల్ల తేన్పుకు బదులు చేదు తేన్పు వస్తుంది. తీవ్రమైన మంట వున్నవారు బైపాస్ అనగానే తల వూపకుండా ఏ బైపాస్ అని అడగాలి. వెనుక జీర్ణాశయానికి పట్టీ కట్టే ఆపరేషన్ ఒకటి వుండేది, అది దాదాపు మూలపడింది.

లైపోసక్షన్ అనేది వీటిలో చేరదు. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేయడమే అది. దానితో షుగరూ తగ్గదు, మంటా తగ్గదు. 2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె చేయించుకున్నట్టు పత్రికలు రాసింది ఈ లైపోసక్షన్ గురించే. ఆనాటి నుంచి రెండింటినీ ఒకటిగా కలిపి భయపడేవారు, రెండింటినీ ఒకటిగా కలిపి ఆశపడేవారు పల్లెల్లో కనిపిస్తున్నారు.

2025లో మన దేశపు మార్కెట్‌లోకి బరువు తగ్గించే వారం వారం సూదులు వచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. డాక్టరు చీటీ లేకుండా కొనవలసినవి కావు. ఇవి జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి గనుక కొందరికి వికారం, తేన్పులు ఎక్కువవుతాయి. ఏ ఆపరేషన్‌కు పోయినా ఈ సూది తీసుకుంటున్న సంగతి మత్తు ఇచ్చే డాక్టరుకు చెప్పి తీరాలి.

ఆపరేషన్ అవసరం లేనివారికి పాత వైద్యమే మేలు. రాత్రి భోజనం పడకకు మూడు గంటల ముందు ముగించాలి. తలవైపు ఎత్తు పెట్టుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. ఆమ్లం తగ్గించే గోలీ అన్నం తిన్నాక కాదు, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. పది కిలోలు తగ్గితే చాలామందికి మంట సగం పోతుంది.

ఎక్కడికి పోవాలి?

కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా వున్న ఎంజీఎం ఆసుపత్రిలో ముందు చూపించుకుని, మంటకు కారణం తేల్చుకోవడం పేదవారికి మొదటి మెట్టు. బరువు ఆపరేషన్ హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో జరిగినట్టు 2023లో వార్తలు వచ్చాయి. ప్రైవేటులో ఖర్చు లక్షలతో కూడినది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అయితే పరిమితి వేరు, ఏ జబ్బుకు వర్తిస్తుందన్నది వేరు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. బీమా వున్నవారు మంజూరు కాగితం చేతికి వచ్చాకనే చేరాలి. పొలం కుదువ పెట్టి చేరి, తరువాత కాగితాల కోసం తిరగడం వద్దు. ప్యాకేజీ అని చెప్పిన రేటులో తరువాతి ఏడాది రక్తపరీక్షలు, గోలీలు వున్నాయా అని అడిగితే చాలాచోట్ల లేవనే చెబుతారు.

వర్ధన్నపేట ఇల్లాలికి ఆపరేషన్ అయి 14 నెలలైంది. ఇప్పుడు 68 కిలోలు. రాత్రిపూట తేన్పులు లేవు, గొంతు బొంగురు పోయింది. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, ఒక కోడిగుడ్డు, పప్పు. నీళ్లు తినేటప్పుడు తాగరు, అరగంట ఆగి తాగుతారు. దుకాణంలో చాక్లెట్ల డబ్బా పక్కనే గోలీల డబ్బా పెట్టుకున్నారు. హిమోగ్లోబిన్ 11 దాకా వచ్చింది. ఆమెను చూసి వూళ్లో మరో ఇద్దరు ఆడవాళ్లు ఆసుపత్రి పేరు అడిగారు. ముందు గొట్టం పరీక్ష చేయించుకుని రండి, తరువాత పేరు చెబుతానన్నారట.

లారీ యజమాని గత నెలలో ఎండోస్కోపీకి వెళ్లారు. బీ తరగతి పుండ్లు, హెర్నియా వున్నట్టు తేలింది. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చవచ్చునని, రెండోసారి కోత గనుక మొదటిదానికంటే కష్టమైనదేనని చెప్పారు. ముందు బీడీ మానితేనే తేదీ ఇస్తామన్నారు. ఈ విలేకరి కలిసిన రోజుకు ఆయన బీడీ మాని పదకొండు రోజులైంది. మంచం కింది ఇటుకలు ఇంకా తీయలేదు.